వెనక వాటా గోడ

మా మావయ్యగారు ఇల్లు అద్దెకివ్వడాన్ని కూడా ఉద్యోగంలాగే చేసేవారు. స్కూల్లో రిటైరయ్యాక ఆయన చేతిలో మిగిలిన క్లాసు మా వెనక వాటా ఒక్కటే. తొలకరికి ముందే డాబా ఎక్కి తూములకు అడ్డంపడ్డ ఆకులు తీయించాలి, కుళాయిలకు వాషర్లు మార్పించాలి, బిగుసుకున్న కిటికీ రెక్కలకు నూనె పెట్టాలి, పెరట్లో కొబ్బరిచెట్టు పాదు తవ్వించి ఉప్పు పోయించాలి, క్రిస్మస్ ముందర సున్నం కొట్టించాలి. ఇవన్నీ ఎవరూ అడక్కుండానే జరిగిపోవాలి. అద్దెకున్నవాళ్ళు వచ్చి అడిగేదాకా ఊరుకుంటే అది ఓనరు తప్పేనని ఆయన వాదన.

అంత పట్టుదలకి కారణం ఉంది. ఆయన పేరు ఎలీయాజరు. మిషన్ స్కూల్లో మాస్టారుగా చేరిన కొత్తలో ఒక పల్లెలో అద్దెకుండేవారట. ఆ ఇంటాయన బావిలో చేద వెయ్యనిచ్చేవాడు కాదు. పైకప్పు కారుతోందని చెబితే, మీరు లోపల ఏం చేస్తున్నారో ఏమిటో అనేవాడు. ఒకసారి మా అత్తగారు పెరట్లో కాసిన బొప్పాయి పండు తీసుకెళ్ళి ఇవ్వబోతే, చెయ్యి చాచకుండా అరుగు మీద పెట్టి వెళ్ళమన్నాడు. సాయంత్రానికి ఆ పండు గేదె ముందుంది. నేను కాపరానికొచ్చిన మొదటి నెలలోనే ఈ సంగతంతా నాకు కంఠతా వచ్చేసింది. చెప్పిన ప్రతిసారీ చివర్లో ఆయన, "మనం అలాంటి ఓనర్లం కాకూడదమ్మా క్యాథరిన్" అనేవారు. ఇల్లు నా పేరునే ఉన్నట్టు నేనూ తలూపేదాన్ని.

ఏలూరు పిల్లని, తాడేపల్లిగూడెం కోడలినయ్యింది రెండువేల ఆరులో. ఆ వేసవికే వాటా ఖాళీ అయింది. ఇంజనీరింగు కుర్రాళ్ళకి మంచాల లెక్కన ఇద్దామని మా ఆయన రాజ్ కుమార్ పోరు పెట్టేవారు. ఆయన పొద్దుటి పాసింజరుకి ఏలూరు ఆఫీసుకెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవారు. ఇంట్లో జరిగిన ఏ గొడవైనా నేను అన్నంతో పాటు వడ్డించాల్సిందే. తిన్నంతసేపూ విని, చెయ్యి కడుక్కుంటూ ఒక సలహా పారేసేవారు.

ఆ వేసవిలోనే కొల్లేట్లో చేపల చెరువుల గట్లు గవర్నమెంటువాళ్ళు పగలగొట్టేశారు. గట్లతోపాటు పనులూ పోయాయి, జనం ఎటు దారి దొరికితే అటు చేరారు. కొల్లేటికోట నుంచి సోమరాజు, అతని భార్య నూకరత్నం అలాగే ఒక మధ్యాహ్నం మా గేటు దగ్గర నిలబడ్డారు. సోమరాజుకి ఇక్కడి రైసుమిల్లులో వాచ్‌మన్ పని దొరికిందట. నూకరత్నం తన వాళ్ళ దగ్గర ఎండు రొయ్యలు, ఎండు చేపలు కొని తెచ్చి గూడెం మార్కెట్లో అమ్ముకుంటుంది. వెనకాల రిక్షాలో వాళ్ళ కూతురు దుర్గాదేవి పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. అది ఆ పిల్లకి తొలి కానుపు.

"మాకు ఇంకేం వద్దండి. పిల్లకి పురుడు పొయ్యడానికి వాన పడని గది ఒకటి కావాలండి" అంది నూకరత్నం.

మా అత్తగారు ప్రభావతి మావయ్యగారిని వంటింట్లోకి పిలిచి, వాటా అంతా నీచు వాసన కొడుతుందని మెల్లగా హెచ్చరించారు. మనం తినడం లేదా ఏమిటని ఆయన అక్కడికక్కడే కొట్టిపారేసి, తాళంచెవి తెచ్చి నూకరత్నం చేతిలో పెట్టారు. వాళ్ళు సామాను దింపుతుంటే ఆయన పెరట్లో కొబ్బరిచెట్టు పని పెట్టుకున్నారు. పిందెలు రాలిపోతున్నాయని ఆ ఏడు చెట్టు మీద మరీ శ్రద్ధ. కూలీని పెట్టి పాదు వెడల్పు చేయించి, చుట్టూ సిమెంటుతో చిన్న కట్టు కట్టించారు. పని చూసి సోమరాజు కూడా ఒక చెయ్యి వేశాడు. కొత్తగా వచ్చినవాళ్ళు మంచివాళ్ళని మావయ్యగారు ఆ సాయంత్రం తీర్పు ఇచ్చేశారు.

ఆ తీర్పు జులై దాటలేదు.

జులై ఆఖర్లో దుర్గాదేవి పడుకునే గదిలో, పెరటివైపు గోడకి చెమ్మ వచ్చింది. నూకరత్నం నాతో చెప్పింది, నేను మావయ్యగారితో చెప్పాను. ఆయన కాఫీ సగంలో వదిలి డాబా ఎక్కారు. పైన ఎక్కడా పగులు లేదు, నీళ్ళు నిలవలేదు. లోపలికెళ్ళి చూస్తే పై గోడ పొడిగానే ఉంది, కింద మోకాలెత్తు వరకే చెమర్చింది. ఆయన తల గోక్కుంటూ వచ్చేశారు.

పైనుంచి కారని గోడ కిందనుంచి ఎందుకు తడుస్తుంది? ఈ ప్రశ్నకి మా అత్తగారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. లోపలివాళ్ళే తడుపుతున్నారు. నీళ్ళ మధ్య పుట్టి పెరిగినవాళ్ళు, వాళ్ళకి పొడి ఇల్లు ఎలా వాడుకోవాలో తెలుస్తుందా అన్నారు. ఆ రోజు నుంచి నూకరత్నం కుళాయి దగ్గర ఎన్ని బిందెలు పట్టుకుందో ఆవిడ పూలమొక్కలకి నీళ్ళు పోస్తూ గమనించడం మొదలుపెట్టారు. మా పూలమొక్కలు అంత బాగా ఎప్పుడూ పూయలేదు.

మా వంటింటికీ వాళ్ళ వంటింటికీ మధ్య గోడలో పైన ఒక వెంటిలేటరు ఉంది. కూర పోపు వాసన అటూ ఇటూ వెళ్ళేది, మాటలూ వెళ్ళేవి. ఒకరోజు సోమరాజు డ్యూటీ దిగి వచ్చి అన్నం తింటూ భార్యతో అంటున్నాడు, గోడ బాగు చెయ్యకుండా వదిలేస్తే మనంతట మనమే పోతామని చూస్తున్నారు, కాలేజీ కుర్రాళ్ళకి ఇచ్చుకుంటే నాలుగు మంచాలు పడతాయి కదా అని. మాస్టారు అలాంటోరు కాదని నూకరత్నం అంది. మాస్టారు కాకపోతే కొడుకు అన్నాడతను. నేను పప్పు గిన్నె మీద మూత పెట్టబోయి ఆగిపోయాను. ఆ మాట మా ఆయన అన్నదే, నాలుగు మంచాలన్న లెక్కతో సహా. అది వాళ్ళకెలా తెలిసిందా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. తర్వాత వెంటిలేటరు వైపు చూశాను.

ఆగస్టులో మావయ్యగారు తాపీమేస్త్రిని పిలిపించి ఆ గోడ కింద భాగం చెక్కించి, కొత్తగా సిమెంటు మెత్తించారు. మేస్త్రి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని మరీ చేయించారు. పనయ్యాక నూకరత్నం అందరికీ టీ ఇచ్చింది. ఆ టీ తాగినంతసేపయినా ఆ సిమెంటు నిలిచిందో లేదో. రెండు వానలు పడేసరికి మళ్ళీ చెమ్మ, దాని మీద బూజులా తెల్లటి పొడి. వేలితో తాకితే పొరలు పొరలుగా ఊడి వచ్చేది.

ఇక ఇంట్లో ఎవరూ ఎవర్నీ నమ్మడం మానేశారు. మావయ్యగారు చెట్టు చూసే మిషతో ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడేవారు. బాలింత కాబోయే పిల్ల ఉన్న గదిలోకి అలా చూస్తారేమిటని వాళ్ళు కిటికీకి పాత చీర తెర కట్టారు. తెర కట్టారంటే లోపల ఏదో దాస్తున్నారని మా అత్తగారు అన్నారు. వాళ్ళు లేనప్పుడు ఆవిడ తలుపు తోసి చూశారు కాబోలు, మర్నాటి నుంచి గదికి తాళం పడింది. తాళం పడగానే మా అనుమానం రెట్టింపైంది. వాళ్ళు పైకి మాత్రం ఎప్పుడు ఎదురైనా నవ్వేవారు, మేమూ నవ్వేవాళ్ళం. ఏవండీ, భోజనాలయ్యాయాండీ అని ఇద్దరూ ఇద్దర్నీ అడుగుతూనే ఉండేవారు.

వీటికి తోడు పక్కింటి పాపాయమ్మ మేకలు. కంచె సందులోంచి దూరి ఎప్పుడు చూసినా మా పెరట్లో ఆ గోడ దగ్గరే ఉండేవి. నూకరత్నం వాటికి ఏదో పెట్టి మరిపిందని అత్తగారు ఆ నేరం కూడా ఆవిడ ఖాతాలోనే వేశారు. నేను మధ్యాహ్నాలు కర్ర పుచ్చుకుని వాటిని తోలుతూ, కోడలి పనుల్లో ఇదొకటని మా అమ్మ చెప్పనేలేదే అనుకునేదాన్ని.

సెప్టెంబరులో దుర్గాదేవికి గవర్నమెంటాసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తీసుకొచ్చిన రోజు మా అత్తగారు అన్నీ పక్కనపెట్టి పసిదాని కోసం మెత్తటి పాత చీరలు చింపి ఇచ్చారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. పసిపిల్లని చూసినంతసేపు గోడ వైపు చూడలేదు కూడా.

ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున పెద్ద చప్పుడు వినబడింది. కాసేపటికి సోమరాజు మా వరండాలోకి వచ్చాడు. మిల్లు నుంచి అప్పుడే దిగినట్టున్నాడు, ఒంటి మీద ఖాకీ చొక్కా ఉంది. చేటలో సిమెంటు పెచ్చు ఒకటి తెచ్చి మావయ్యగారి కాళ్ళ దగ్గర పెట్టాడు. చేటకి సరిపోయేంత పెచ్చు అది.

"మాస్టారూ, మీరు ఊరికి పాఠాలు చెప్పినోరు. మీకు నేను చెప్పేదేం లేదండి" అన్నాడు. గొంతు పెంచలేదు. "గదిలో ఉండేది మేవండి. గోడ మీ సొంతవండి. ఇది నా మనవరాలికి జానెడు దూరంలో పడిందండి."

మావయ్యగారు ఆ పెచ్చు వైపే చూస్తూ కూర్చున్నారు. ఓనరు గురించి తను ఊరందరికీ చెప్పే మాట తనకే వేరొకరు చెప్పడం ఆయనకి అదే మొదటిసారనుకుంటాను. కోపమే వచ్చిందో సిగ్గే వేసిందో, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. లేచి చొక్కా వేసుకుని తనే వెళ్ళి మేస్త్రిని వెంటబెట్టుకొచ్చారు.

మేస్త్రి పెచ్చు విరిచి, లోపలివైపు తెల్లదనం గోటితో గీకి చూశాడు. "ఉప్పండి ఇది. ఉప్పు చేరితే ఎంత సిమెంటు పెట్టినా నిలవదండి" అని, అలవాటుగా తలెత్తి గదంతా చూశాడు. అతని చూపు గోడ పక్కనున్న గోనెసంచుల దగ్గర ఆగింది. చెక్క మీద ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. "ఉప్పు సరుకేవన్నా పెట్టారా అండి?"

మా అత్తగారు ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట అది. ఉప్పు చేపలు గోడకి ఆనించి పెడితే గోడ ఉంటుందా అని అడిగారు. అడగడం కూడా మెత్తగానే అడిగారు. మంచం మీద దుర్గాదేవి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

నూకరత్నానికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమై, నవ్వబోయి ఆగింది. "ఉప్పు చేపలు సముద్రం వాళ్ళవండి. మావి కొల్లేటివి. మేం ఉప్పెయ్యం. ఉత్త ఎండకే ఎండబెడతామండి."

ఆవిడ ఒక సంచి మూతి విప్పి, గుప్పెడు ఎండు రొయ్యలు తీసి, అరచెయ్యి మావయ్యగారి ముందుకు చాపింది.

"మీరే నోట్లో వేసుకుని చూడండి మాస్టారూ."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. వెయ్యాలని వేసింది కాదు, కానీ పడింది. అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. మేస్త్రి దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాడు. నూకరత్నం చెయ్యి అలాగే ఉంది. అరుగు మీది బొప్పాయి పండు నాకెందుకో అప్పుడు గుర్తొచ్చింది, నాకే తల కొట్టేసినట్టయింది. ముందుకెళ్ళి ఆ చేతిలోంచి రెండు రొయ్యలు తీసుకుని నోట్లో వేసుకున్నాను.

నమిలాను. వాసన ఉంది, కమ్మదనం ఉంది, ఉప్పు మాత్రం లేదు.

"చప్పగా ఉన్నాయి మావయ్యగారూ" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. అత్తగారు, ఈ సంచి కాకపోతే ఇంకో సంచి అయి ఉంటుందని గొణిగారు. మావయ్యగారు గొంతు సవరించుకుని, పని పెద్దదయ్యేలా ఉందని, ఆ దుమ్ములో పసిపిల్ల ఉండటం మంచిది కాదని, నెలాఖరుకి ఇంకెక్కడైనా చూసుకుంటే అందరికీ సుఖంగా ఉంటుందని చెప్పారు. ఇల్లు ఖాళీ చెయ్యమని అంత మర్యాదగా చెప్పడం నేను ఎక్కడా వినలేదు. నూకరత్నం రొయ్యల్ని మళ్ళీ సంచిలో పోసి, మూతి కట్టేసింది. పిల్లకి పురుడు పొయ్యడానికి ఒక గది అడిగిన మనిషి, ఆ పురుడు తీరకుండానే పిల్లనీ పసిదాన్నీ ఎక్కడికి తీసుకెళ్ళాలా అని ఆలోచిస్తోందని ఆవిడ మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

వాళ్ళు గూడెంలోనే ఇల్లు వెతుక్కున్నారు. దొరకలేదు. ప్రార్థన కూటంలో మా అత్తగారు గోడ సంగతి చెప్పారు. ఆవిడ అబద్ధమాడలేదు, నమ్మిందే చెప్పారు. ఆ మాట నాలుగు వీధులు తిరిగి వచ్చేసరికి, చేపల వాళ్ళకి ఇల్లిస్తే గోడలు కూలిపోతాయన్నట్టు తయారైంది. రైలు గేటు దగ్గర నరసరాజుగారని ఒకాయన గది ఇస్తానని ఒప్పుకుని కూడా, మాస్టారింట్లోంచి పంపించేశారని విని వెనక్కి తగ్గారట. చివరికి భీమడోలులో నూకరత్నం చెల్లెలి ఇంటి వసారాలో సర్దుకోవడానికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆవిడ వాటా అంతా ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. అత్తగారి చేతిలో పెట్టలేదు.

అక్టోబరు వచ్చింది. గది ఖాళీ. సంచులు లేవు, బిందెలు లేవు, తెరలు లేవు. తుఫాను వానలు పడుతూనే ఉన్నాయి, గోడ చెమరుస్తూనే ఉంది. మావయ్యగారు రోజూ పొద్దున్నే ఆ గది తలుపు తీసి, లోపలికి చూసి, మళ్ళీ వేసేసేవారు. పీల్చుకున్న ఉప్పు దిగడానికి టైము పడుతుంది కదండీ అని అత్తగారు అనేవారు. మొదట్లో ఆయన అవుననేవారు. తర్వాత్తర్వాత ఏమీ అనడం మానేశారు.

వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం బట్టలారెయ్యడానికి పెరట్లోకి వెళ్ళాను. పాపాయమ్మ మేకలు మళ్ళీ గోడ దగ్గర చేరి ఉన్నాయి. నూకరత్నం వెళ్ళి ఎన్నాళ్ళో అయింది, ఇంకా ఎవరు పెడుతున్నారు వీటికి? కర్ర పైకెత్తి ఆగాను. అవి తినడం లేదు. గోడని నాకుతున్నాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ, కళ్ళు సగం మూసుకుని నాకుతున్నాయి. నాకుతున్నది కొబ్బరిచెట్టు వెనకున్న గోడ మేరనే. చెట్టు పాదులో సిమెంటు కట్టు నిండా నీళ్ళు నిలిచి ఉన్నాయి. డాబా మీది తూము నీళ్ళు వృథా పోకుండా అందులోకే పడేలా మావయ్యగారు గొట్టం తిప్పించి ఉన్నారు. గోడకీ పాదుకీ మధ్య బెత్తెడు ఎడం కూడా లేదు.

మేకల్ని పక్కకి తోసి, గోడ మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నాను.

ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత భయమేసింది. ఏడాది నిండని కోడలిని, ఈ మాట ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి? అత్తగారికి చెబితే మేకల్ని కూడా అనుమానిస్తారు. మా ఆయనకి చెబితే చెయ్యి కడుక్కుంటూ ఏదో అంటారు. వసారాలో పసిపిల్లతో ఉన్న దుర్గాదేవి కళ్ళ ముందు మెదిలింది. చెప్పకుండా ఉంటే ఆ అడుగు వెనక్కి వేసింది నేనే అవుతాననిపించింది.

భోజనాల దగ్గర మావయ్యగారికి పప్పు వడ్డిస్తూ అడిగాను.

"మావయ్యగారూ, ఈ ఏడు కొబ్బరిచెట్టుకి ఉప్పెంత పోయించారండీ?"

"ఏటా దోసెడేగా. పిందెలు రాలుతున్నాయని ఈసారి బస్తా..." అన్నారాయన.

అక్కడ ఆగారు. కలుపుతున్న చెయ్యి అన్నంలో అలాగే ఉండిపోయింది. అత్తగారు ఆయన వైపు, నా వైపు చూశారు. నేను నెయ్యి గిన్నె అందుకుని, వెయ్యమంటారా అని అడిగాను. వద్దమ్మా అని, ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు. కాసేపటికి పెరట్లో పలుగు చప్పుడు వినబడింది. ఆ వయసులో, ఆ మధ్యాహ్నపు వేళ, పంచె ఎగ్గట్టి తనే తవ్వుతున్నారు. అత్తగారు గుమ్మంలో నిలబడి కూలీని పిలుద్దామండీ అంటే వినిపించుకోలేదు. మర్నాడు కూలీలు వచ్చి ఆ మట్టంతా బళ్ళకెత్తి తీసుకెళ్ళారు. సిమెంటు కట్టు పగిలింది, గొట్టం అటువైపు తిరిగింది, గోడ ఇటుకల దాకా చెక్కి ఆరబెట్టారు. పని పూర్తయిన రోజు చొక్కా వేసుకుంటూ నాతో, మార్కెట్టు దాకా తోడు రామ్మా అన్నారు.

నూకరత్నం రోజూ భీమడోలు నుంచి రైల్లో వచ్చి గూడెంలోనే అమ్ముకుంటోంది. ఎండు చేపల వరసలో చివర కూర్చుని ఉంది. మావయ్యగారు ఆవిడ బుట్ట ముందు నిలబడి గొడుగు మడిచారు. ఆయన పంచె అంచులు బురదయ్యాయి.

"నూకరత్నంగారూ, ఆ ఉప్పు నాదమ్మా" అన్నారు.

చెట్టు సంగతి, పాదు సంగతి మొత్తం చెప్పారు. పాఠం చెప్పినట్టు వరసగా, ఏదీ వదలకుండా. ఆవిడ వింటూ, మధ్యలో వచ్చిన బేరాన్ని చేత్తోనే ఆపింది. అంతా విన్నాక ఆవిడ మొహంలో సంతోషం రాలేదు. నా వైపు చూసింది, ఇందులో ఇంకేం మెలిక ఉందో చెప్పమన్నట్టు.

"ఇప్పుడెందుకు చెబుతున్నారండి?"

గోడ బాగవుతోందని, ఆరగానే మళ్ళీ వచ్చి ఉండమని అడగడానికి వచ్చానని ఆయన అన్నారు. ఆవిడ అడ్డంగా తలూపింది. ఆ గది పేరెత్తితే పిల్ల భయపడుతోందట, సోమరాజు అటువైపు నడవనని ఒట్టు పెట్టుకున్నాడట.

"మీకు చెప్పాలని ఉంటే, చెప్పాల్సింది నాకు కాదండి. నాకు తెలుసు కదా, నా సరుకులో ఉప్పు లేదని" అంది నూకరత్నం. "నరసరాజుగారికి చెప్పండి. ఆయన గది ఇంకా ఖాళీగానే ఉందండి."

మావయ్యగారు ఇంకేం అడక్కుండా గొడుగు విప్పారు. ఆవిడ బుట్ట మీద గుడ్డ కప్పి చంకనెత్తుకుని ముందు నడిచింది. వెనక ఆయన, ఆయన వెనక నేను. దారిలో ఆయన పాత స్టూడెంట్లు ఇద్దరు ఎదురై నమస్కారం పెట్టి, మాస్టారు చేపలావిడ వెనకాల ఎక్కడికి వెళ్తున్నారా అని ఆగి చూశారు.

నరసరాజుగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. మాస్టార్ని చూసి లేచి కుర్చీ లాగారు, నన్ను కూడా కూర్చోమన్నారు. నూకరత్నం మెట్ల కింద ఆగిపోయింది. ఆవిణ్ణి ఎవరూ కూర్చోమనలేదు. మావయ్యగారు కుర్చీ వైపు చూడకుండా, నిలబడే మొత్తం చెప్పారు. వాళ్ళు మంచివాళ్ళని, గోడ పాడైంది తన వల్లనని, గది వాళ్ళకి ఇవ్వమని.

నరసరాజుగారు పేపరు మడత పెడుతూ నవ్వారు. "మాస్టారూ, ఖాళీ చేయించినవాళ్ళ కోసం ఓనరే వచ్చి సిఫార్సు చెయ్యడం నేనెక్కడా చూళ్ళేదండి" అని, గొంతు తగ్గించి, వాళ్ళ వల్ల మీకేవన్నా ఇబ్బందా, పీడ వదిలించుకోవాలనా అని అడిగారు.

నిజం చెబుతున్నానని ఎదుటివాణ్ణి ఎలా నమ్మించాలో మావయ్యగారికి ఎవరూ నేర్పలేదు. నేను ఏదో అనబోయాను. అంతలో ఆయన మెట్లు దిగి నూకరత్నం ముందుకెళ్ళి, కుడిచెయ్యి చాపారు.

"నాలుగు ఇవ్వమ్మా" అన్నారు.

ఆవిడ ఆ చేతిని చాలాసేపు చూసింది. బుట్ట మీది గుడ్డ తొలగించి గుప్పెడు రొయ్యలు ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన పళ్ళు అప్పటికే కదులుతున్నాయి, మెత్తగా వండితే తప్ప ఏదీ తినరు. రెండు రొయ్యలు నోట్లో వేసుకుని, అందరూ చూస్తుండగా మెల్లగా నమిలారు, మింగారు. తర్వాత మెట్లెక్కి, మిగిలినవి ఉన్న చెయ్యి నరసరాజుగారి ముందు పెట్టారు.

"చప్పగా ఉన్నాయండి. మీరూ చూడండి."

నరసరాజుగారు ఆ చేతిని చూశారు, కిందున్న ఆవిణ్ణి చూశారు, నన్ను కూడా చూశారు. మావయ్యగారు చెయ్యి దించలేదు. చివరికి నరసరాజుగారు పేపరు కుర్చీలో పడేసి, వేళ్ళతో ఒకటి తీసుకున్నారు.

నూకరత్నం చంకలో బుట్టని అప్పుడు కింది మెట్టు మీద దించింది.